లస్మయ్య ఇచ్చిన జిరాక్సు

ఆదివారం పొద్దున గుజరాత్‌లోని పాండేసర ఠాణా వరండాలో నాకొక బల్ల వేస్తారు. అద్దె గదుల్లో దిగే మన తెలుగువాళ్ళ ఫారాలు నింపడం నా పని. ఫారం గుజరాతీలో ఉంటుంది. ఇక్కడి హజీరా కర్మాగారంలో ఇరవై రెండేళ్ళు ఇంజనీరుగా చేశాను కనక నాకు చదవడం వచ్చు. ఏ గదిలో ఎవరు దిగారో పోలీసులకు తెలియాలని నియమం. బాంబు పెట్టేవాడు ముందు వెతుక్కునేది ఒక గదినీ, ఒక ఫోను నంబరునూ.

నా సేవను ఠాణా ఇన్‌స్పెక్టరు సాహెబు మెచ్చుకుంటాడు. నేనక్కడ కూర్చునేది ఒక్క మనిషి కోసమని ఆయనకు తెలియదు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక బస్టాండులో బాంబు పేలి నా భార్య పద్మిని పోయింది. నేను వెళ్ళేసరికి ఎవరో ఆవిడ పాదాల మీద ఉతికిన తువ్వాలు కప్పి ఉంచారు. ఆ మనిషి ఎవరో ఈనాటికీ తెలియదు. బాంబు పెట్టినవాడికి యావజ్జీవం పడింది. వాడి సిమ్ము మాత్రం లస్మయ్య అనే మరమగ్గాల కార్మికుడి ఓటరు కార్డు జిరాక్సుతో తీసుకున్నది. పగటి పాళీవాళ్ళూ రాత్రి పాళీవాళ్ళూ వంతులవారీగా పడుకునే గదిలో ఒకడి కాగితం పదిమందికి పనికొస్తుంది. కొత్తగా దిగినవాడు మన భాషలో ‘అన్నా’ అన్నాడట. ఇతను కాగితం ఇచ్చేశాడు. కుట్ర సంగతి ఇతనికి తెలియదని కోర్టు వదిలేసింది.

నేను వదల్లేదు. ఈ ప్రాంతంలో గది మారితే ఈ బల్ల దగ్గరికి రావాల్సిందే. రెండేళ్ళు కాచుకున్నాను.

నిన్న మొండయ్య అనే రంగుల మిల్లు మనిషి ఫారం నింపించుకుంటూ, “సారు పోలీసు కాదుగని పోలీసుకన్న ఎక్కువ అడుగుతడు” అని వెనకవాళ్ళను నవ్వించాడు. అతని వెనకున్న మనిషి మాత్రం నవ్వలేదు. కోర్టు బోనులో మూడు రోజులు చూసిన ముఖం. జుట్టు నెరిసింది, అంతే.

లస్మయ్య జిరాక్సు నా ముందు పెట్టాడు. దాని మీద అడ్డంగా రెండు గీతలు, వాటి మధ్య వంకర అక్షరాలతో ‘గది కోసం మాత్రమే’ అనీ, తేదీ. ఇప్పుడు నేర్చుకున్నాడు!

ఫారాన్ని పోలీసు విచారణకు పంపే కట్టలో పడేశాను. “దీనికి రెండు నెలలు పడుతుంది.”

“ఏంది సారూ గిట్లంటున్నరు? గది మాలిక్ సాయంత్రందాంక సూస్తనన్నడు. నా పెండ్లాం భూదేవి సామానుతోని గేటుకాడ కూసున్నది. జర దయ సూపుండ్రి.”

“పాత కేసు ఉందిగా నీ మీద.”

అతని చెయ్యి బల్ల అంచును పట్టుకుంది. “మీకెట్ల ఎరుక?”

“నేను పద్మిని భర్తని.”

ఈ మాట కోసం ఎన్నేళ్ళు ఆగానో! కాళ్ళ మీద పడతాడనుకున్నాను. పడితే కాళ్ళు లాక్కోవాలని కూడా అనుకున్నాను. అతను నిలబడి, తల దించుకుని మెల్లగా అన్నాడు: “సంధ్య. వినోద్. పద్మిని. వజ్రమ్మ. పోయినోళ్ళ పేర్లు కోర్టుల సదివిండ్రు. దినాం అనుకుంట సారూ.”

నా భార్య పేరు ఆ నోట వినగానే ఒళ్ళు మండింది. గేటు వైపు చూశాను. ఒక మూట మీద ఒకామె. ఎండ పడకుండా ఆమె మీదికి కాపలా కానిస్టేబులు తన గొడుగు వాల్చి పెట్టాడు. ఆమెను వీధిలో ఉంచితే అది ఇతనికి శిక్ష కాదు. ఇతను ఇంకో పేటలో గది చూసుకుని నన్ను మరచిపోతాడు. అంత తేలిగ్గా పోనివ్వను.

ఫారం బయటికి తీసి నింపాను.

“ప్రతి ఆదివారం నువ్వు ఈ బల్ల పక్కన నిలబడాలి. కాగితం పట్టుకొచ్చిన ప్రతివాడికీ నువ్వేం చేశావో నీ నోటితోనే చెప్పాలి. నాలుగు పేర్లతో సహా.”

“అందరు ఉమ్మేస్తరు సారూ.”

“ఉమ్మనీ.”

“ఎన్నాళ్ళు?”

“నేను చాలనేదాకా.”

మెట్ల దగ్గర బీడీ వెలిగించుకుంటున్న మొండయ్యను పిలిచాను. “నీ రూములో కొత్తగా ఎవరైనా దిగారా?”

“ఒకాయన దిగిండు. మంచోడు, మన దిక్కోడే. ఫోన్‌కు నా కార్డు కాపీ అడిగిండు. జేబులనే ఉన్నది.”

లస్మయ్య వైపు చూశాను. అతను చెప్పడం మొదలుపెట్టాడు. సిమ్ము దాకా మొండయ్య నవ్వుముఖంతోనే ఉన్నాడు. బస్టాండు దాకా వచ్చేసరికి బీడీ ఆరిపోయింది. పేర్లు వినగానే జేబులోని కాపీ తీసి నా బల్ల మీద పెట్టి, లస్మయ్యకు దూరంగా జరిగాడు.

“నువ్వా? థూ! నీకు బుద్ధుందా?”

లస్మయ్య కారుతున్న కళ్ళు తుడుచుకోలేదు. మొండయ్య మాట నాకు చల్లగా తగిలింది. ఎనిమిదేళ్ళలో మొదటిసారి.

మొండయ్య దగ్గర కొత్తాయన పేరు, ఆనవాళ్ళు రాసుకుని కాగితం లోపల సాహెబుకు పంపాను. వరసలో తరవాతి మనిషి ముందుకొచ్చాడు.

“లస్మయ్యా, మొదటినుంచి చెప్పు” అన్నాను.