పటేలు ఖాకీ అంగీ

బుచ్చిరాములు దారాన్ని పళ్లతో కొరికి తెంపి, కొసను నాలుకతో తడిపి మళ్లీ సూదిలోకి ఎక్కించాడు. చేసేది చేతికుట్టే అయినా ఎడమకాలు మిషను పెడలు మీద ఆడుతూనే ఉంది. అది ఆ కాలి అలవాటు. ఎనభై దాటిన మనిషి. మిషను మీదికి వంగి వంగి వీపు అలాగే ఉండిపోయింది. ఊళ్లో ఆయన గురించి చెప్పుకోవడానికి ఏమీ లేదు. రెడీమేడ్ బట్టలొచ్చాక చినిగిన లాగూలకు అతుకులు, బడిపిల్లలకు సంచులు, పెళ్లిళ్ల ముందు నాలుగు జాకెట్లు కుట్టి బతుకీడ్చాడు.

ఇవాళ సెప్టెంబరు పదిహేడు, నిజాం పాలన పోయిన రోజు. బడిలో జెండా ఎగరేశాక, నిజాం తరఫున ఊళ్ల మీద పడ్డ రజాకార్ల కాలంలో ఈ ఊరి పిల్లలు ఎలా బతికారో పిల్లలే నాటకం వేసి చూపిస్తారు. వేషాలకు గుడ్డలు సృజన టీచరు ముందే తెచ్చి ఇచ్చింది. రజాకార్లకు ఖాకీ, పెద్ద పటేలు వేషానికి మాత్రం తెల్ల ఖద్దరు. ఖర్చంతా పెద్ద పటేలు మనుమడు గోపాల్‌రావుది. కాబట్టి నాటకంలో పెద్ద పటేలు పిల్లలను గడీలో దాచి రజాకార్ల నుంచి కాపాడతాడు. ఆ వేషం గోపాల్‌రావు మనుమడు ప్రణయ్‌ది. ఇంకెవరికిస్తారు?

బుచ్చిరాములు ఆ తెల్లగుడ్డకు కత్తెర పెట్టనే లేదు. మిగిలిన ఖాకీలోంచి ప్రణయ్ కొలతకు అంగీ కత్తిరించాడు. ఇప్పుడు కుడుతున్న గుండీలు దానివే. పెళ్లికూతురి రవికె కుట్టినంత శ్రద్ధగా కుట్టాడు.

మూట తీసుకుని బడికి చేరేసరికి పిల్లలు వరండాలో మూగి ఉన్నారు. కాటుకతో మీసాలు దిద్దించుకున్న రజాకార్లు నవ్వుకుంటూ ఖాకీలు తొడుక్కున్నారు. ప్రణయ్ తన అంగీ చూసి మొహం ముడుచుకున్నాడు.

"తాతా, నాది తెల్లది గదా?"

"మీ తాతకు తాత తొడిగింది గిదే, బిడ్డా."

సృజన టీచరు గబగబా వచ్చింది. "గిదేంది తాతా, పటేలుకు ఖాకీ కుట్టినవ్?"

"గప్పుడు మా బాపు కుట్టిండు. గిప్పుడు నేను కుట్టిన."

ఇన్నేళ్లూ పెళ్లానికి కూడా చెప్పని మాటలు అక్కడే, గచ్చు మీద కూర్చుని, పిల్లలకు చెప్పాడు.

"నేను మీ అంతనే ఉన్న. పటేలు రజాకార్లల్ల కలిసిండు. మా ఇంటికి ఖాకీ గుడ్డ పంపి పొద్దుగూకేటాల్లకు అంగీ గావాలన్నడు. పైస ఇయ్యడు, వెట్టి. నేను గుడ్డ కొస పట్టుకొని కూసున్న. మా బాపు మేర లింగయ్య ఆడోళ్ల రవికెలు కుట్టేటోడు. ఊర్లె మొగోళ్లకు గుండీల అంగీ యాడిది గప్పుడు? రవికె లెక్కనే గుండీలు ఎడమకు పెట్టిండు. పటేలు గది తొడుక్కొని రజాకార్ల పెద్ద సాబు ముంగట నిలవడ్డడు. ఆడోళ్ల అంగీ తొడిగినవా అని సాబు నవ్విండు."

"నవ్వితే ఏమైంది తాతా?" అంది రెండో తరగతి భవ్యశ్రీ.

"పటేలు బాపును గడీల కట్టేసి, బాపు కొలిచే గజంకట్టెతోనే కొట్టించిండు. బాపు మళ్ల లేవలే."

"నువ్వు ఏడ్చినవా?"

"ఏడిస్తే అవ్వను గూడ కొడుతమన్నరు. ఏడ్వలే."

ప్రణయ్ తల వంచుకుని అంగీ తొడుక్కుని, గుండీలతో కాసేపు పెనుగులాడాడు.

"ఉల్టా ఉన్నయ్ తాతా."

"మా బాపు గిట్లనే కుట్టిండు."

వాడి మొహం వాడిపోవడం చూసి బుచ్చిరాములుకు హాయిగా అనిపించింది. పసివాడి మీద పగేమిటి అని ఆయనకు తోచలేదు. అప్పుడు తానూ పసివాడే, ఎవరు జాలిపడ్డారు గనక?

టీచరు ఆయన్ను పక్కకు పిలిచింది. "గోపాల్‌రావు సారు ఊకుంటడా తాతా?"

"ఊకోవద్దనే కుట్టిన."

అప్పటికే మైకులో పిలుస్తున్నారు. వేరే అంగీ లేదు. టీచరు ప్రణయ్ భుజం మీద చెయ్యి వేసి స్టేజీ మీదికి పంపింది.

బుచ్చిరాములు వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ముందు వరసలో గోపాల్‌రావు, ఫోనులో మనుమడి వీడియో తీయడానికి సిద్ధంగా ఉన్నాడు. ఖాకీలో వచ్చిన మనుమణ్ని చూసి ఫోను దించాడు. 'భయపడకండి పిల్లలారా, నేనున్నాను' అనాలి ప్రణయ్. నెల రోజులుగా వల్లె వేసిన మాట. వాడు మైకు పట్టుకుని, పిల్లల వైపు చూసి, తన అంగీ చూసుకున్నాడు.

"నేను పెద్ద పటేలును," అన్నాడు. "మేర లింగయ్యను నేనే కొట్టించిన."

ఆడవాళ్లలోంచి ముసలి సక్కుబాయి గొంతు లేచింది. "ఔ. మా అవ్వ గూడ గదే చెప్పేది."

గోపాల్‌రావు స్టేజీ ఎక్కి, మనుమడి ఒంటి మీది అంగీ లాగి కింద పడేసి, వాణ్ని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు. వాడు ఏడుస్తూనే వెనక్కి తిరిగి బుచ్చిరాములు కోసం చూశాడు. బుచ్చిరాములు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఆయన అలా నవ్వడం ఊళ్లో ఎవరూ ఎరగరు. బాపు పేరు మైకులో పలికింది, అదీ పటేలు రక్తం పంచుకున్న నోటితోనే. కడుపు నిండిపోయింది ఆయనకు.

మిగతా నాటకం ఎలాగో ముగించి జనగణమన ఎత్తుకున్నారు. అందరూ లేచారు. బుచ్చిరాములు లేవలేదు. పెద్దాయన అలిసిపోయాడులే అనుకున్నారు. పాట అయ్యాక భవ్యశ్రీ వచ్చి భుజం తట్టింది. ఆయన తల మెల్లగా పక్కకు వాలింది. పెదవుల మీద నవ్వు ఇంకా పూర్తిగా ఆరలేదు.

బుచ్చిరాములు దినాలు కాకముందే, ఆ అంగీ తనకు పంపించమని గోపాల్‌రావు రెండుసార్లు మనిషిని పంపాడు. సృజన టీచరు ఇవ్వలేదు. అది మూడో తరగతి గోడకు, పిల్లల చేతికి అందే ఎత్తులో, మేకుకు వేలాడుతోంది. దాని మెడకు అట్టముక్క ఒకటి దారంతో కట్టి ఉంది, దాని మీద పిల్లల వంకర రాత: పెద్ద పటేలు అంగీ. కుట్టింది మేర లింగయ్య కొడుకు.