పెచ్చులేచిన తెల్ల బంతి

హార్లన్ బోట్చర్ రోజూ పొద్దున ఆరింటికి లేస్తాడు. కాఫీ కాచుకుని, సరస్సు వైపున్న అద్దాల వరండాలో కూర్చుని, బల్ల మీద కర్రతో కొట్టి ఆడే పూల్ ఆట పాత బంతులు రుద్దుతాడు. ముందు ముతక ఉప్పు కాగితం, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది, చివర్లో ఫ్లానెల్ చొక్కా పీలికతో పాలిష్. ఏళ్ళ తరబడి బారుల్లో సిగరెట్ పొగ పీల్చిన బంతి వెన్నముద్దలా పసుపెక్కి ఉంటుంది. ఆ పసుపు పోయి లోపలి తెలుపు కనిపించేదాకా పక్కన పిడుగు పడ్డా తల ఎత్తడు. చీజ్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషికి ఏదో ఒక వ్యాపకం ఉండాలిగా అని ఊళ్ళో మేమందరం సర్దుకున్నాం. అతని భార్య లవాన్ మాత్రం సర్దుకోలేదు.

"ఇన్నేళ్ళ కాపురంలో నా మొహం వంక ఒక్కసారైనా ఇంత శ్రద్ధగా చూశావా?" అంటుంది.

"నీ మొహానికి పెచ్చులు లేవలేదు కదే," అంటాడు హార్లన్, తల ఎత్తకుండానే.

ఆ ఏడు, అంటే ఎనభై ఆరులో, ఫిబ్రవరి నెలలో ఒక పొద్దున ఉత్తరాలు పంచే బెర్నడీన్ వాళ్ళింటి ముందు బండి ఆపి గట్టిగా హారన్ కొట్టింది.

"హార్లన్! నీ తెల్లది వస్తోంది! చర్చి దగ్గర నన్ను దాటి పోయింది!"

"వేగం మీదుందా?"

"నా బండి కంటే వేగంగా ఉంది. చర్చి మెట్టుకి కొట్టుకుంది పాపం, అయినా ఆగలేదు. తలుపు తీసిపెట్టు, పోయినసారిలా అద్దం పగలగొట్టుకోకు."

హార్లన్ తలుపు తీసేలోపే తెల్ల బంతి మంచు రోడ్డు దిగి, గేటు దాటి, వరండాలోకి దొర్లుకొచ్చి అతని బూటుకి తగిలి ఆగింది. ఒక పక్క బొటనవేలి గోరంత పెచ్చు లేచిపోయింది. బెర్నడీన్ కరెంటు బిల్లు ఇచ్చేసి వెళ్ళిపోయింది.

ఇందులో వింతేమీ లేదు. చెదిరిపోయిన సెట్టులో ఉన్న బంతుల్ని ఒకరు శ్రద్ధగా బాగుచేస్తే, మిగిలినవి వాటంతట అవే వచ్చి చేరతాయి. చేతిలో ఉన్నవన్నీ మెరిసినప్పుడే తర్వాతది బయల్దేరుతుంది. అందుకే ఈ పిచ్చి ఉన్నవాళ్ళు ఒక్క బంతిని బాగుచెయ్యకుండా అలాగే ఉంచేస్తారు. దాన్ని కాపలా బంతి అంటారు. అది మురికిగా ఉన్నంతకాలం సెట్టు ఎవర్నీ పిలవదు. ఎందుకంటే వచ్చే బంతి ఒంటరిగా రావాలని లేదు. దేనికి అతుక్కుని ఉంటే దాన్నీ లాక్కొస్తుంది. హార్లన్ సెట్టులోని మూడో నంబరు బంతిని ఎవరో మెట్ల కమ్మీ చివర అలంకారంగా బిగించుకుంటే, అది కమ్మీతో సహా వచ్చింది. పదమూడో నంబరుని ఒక రైతు తన గేటు స్తంభం మీద సిమెంటుతో అతికించాడు. అది బయల్దేరినప్పుడు స్తంభం కూలి ఆ రైతు కాలు విరిగింది. హార్లన్ ఆపిల్ కేకు పట్టుకుని వెళ్ళి చూసొచ్చాడు. ఆ రోజే ఆపాల్సింది. ఆపలేదు.

ఇప్పుడతని దగ్గర పదిహేను బంతులున్నాయి. రావలసింది ఒక్కటే, నల్లది, ఎనిమిదో నంబరు. అది ఎక్కడుందో ఊళ్ళో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. సరస్సుకి అవతలి ఒడ్డున అతని తమ్ముడు డ్వేన్ పికప్ ట్రక్కులో, గేరు రాడ్డుకి పిడిగా బిగించి ఉంది.

ఈ సెట్టు వాళ్ళ నాన్న బారులోది. ముసలాయన పోయాక బారు ఎవరిదన్న పేచీ వస్తే, ఒక్క ఆట ఆడి తేల్చుకుందామనుకున్నారు అన్నదమ్ములు. ఊరంతా గోడలకి ఆనుకుని నిలబడి చూసింది. ఇద్దరికీ నల్ల ఎనిమిది ఒక్కటే మిగిలింది, తెల్లదాంతో కొట్టి దాన్ని గుంటలో వేసినవాడిదే గెలుపు. కొట్టాల్సింది హార్లన్. అతను బల్ల మీదికి వంగి గురి చూస్తుండగా డ్వేన్ హఠాత్తుగా "ఇలాగేనా నువ్వు ఆడేది?" అన్నాడు. "ఎలా ఆడాను?" అన్నాడు హార్లన్. డ్వేన్ బల్ల మీది నల్ల బంతిని తీసి జేబులో వేసుకున్నాడు. "ఇక ఈ ఆట ఎప్పటికీ అవదులే," అని బయటికి వెళ్ళిపోయాడు. బారు అమ్ముడుపోయింది, బంతులు తలో దిక్కూ పోయాయి. ఇరవై రెండేళ్ళయింది. ఆరు మైళ్ళ నీళ్ళకి అటొకడు, ఇటొకడు. ఇద్దరికీ మాటల్లేవు.

తెల్ల బంతి వచ్చిన రోజే లవాన్ మొగుడి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఆ పెచ్చు జోలికి వెళ్ళకు."

"వెళ్ళను."

"వెళ్తావు, నీ సంగతి నాకు తెలుసు. కనీసం ముందు ఒక్క ఫోను చెయ్యి. ఆ పిడి విప్పి ట్రక్కులోంచి తీసెయ్యమను. అంతే. క్షమాపణలు చెప్పొద్దు, కౌగిలింతలు వద్దు."

"చేస్తానన్నాగా."

ప్రయత్నం చెయ్యలేదని అనను. ఆ నెలలో నాలుగుసార్లు ఫోను దగ్గర నిలబడ్డాడు. ఏడంకెల నంబరులో ఆరంకెలు తిప్పడం, పెట్టెయ్యడం. ఇరవై రెండేళ్ళ తర్వాత మొదట తనే పలకరించాలంటే నోరు రాదు. ఆ పౌరుషమేదో నాకెప్పుడూ అర్థం కాలేదు.

మార్చి సగానికొచ్చింది. గడ్డకట్టిన సరస్సు మీద చేపలు పట్టేందుకు వేసుకున్న గుడిసెలన్నీ లాగేశారు. చలికాలమంతా మంచు మీద దారికి గుర్తుగా పాతిన పాత క్రిస్మస్ చెట్లు మాత్రం ఎర్రగా ఎండిపోయి అలాగే నిలబడి ఉన్నాయి. వాటిని పీకడానికి కూడా ఎవరూ దిగడం లేదు. మంచు మెత్తబడి బూడిద రంగుకి తిరిగింది. మధ్యాహ్నాలు సరస్సు లోపల్నించి మూలుగు వినిపిస్తోంది.

ఒక శుక్రవారం లవాన్ చర్చిలో చేపల విందుకి బంగాళాదుంపలు ఒలవడానికి వెళ్ళింది. హార్లన్ ట్రే ముందు కూర్చున్నాడు. పద్నాలుగు బంతులు అద్దాల్లా ఉన్నాయి. మధ్యలో ఆ తెల్లది, మురికి పట్టి, పెచ్చు లేచి. నెల రోజులుగా చూస్తున్నాడు. దుమ్ము తుడుద్దాం, అంతే కదా అనుకున్నాడు. తుడిచాడు. తుడిచాక పెచ్చు ఇంకా వికారంగా కనిపించింది. కాస్త లప్పం పెట్టి చూద్దాం, నున్నగా చెయ్యకపోతే సరిపోతుంది అనుకున్నాడు. పెట్టాడు. ఆరింది. ఉబ్బెత్తుగా ఉంటే వేలికి గుచ్చుకుంటోందని ఉప్పు కాగితం తీశాడు. ఈ పని తెలిసినవాళ్ళెవరైనా ఇలాగే చేస్తారు. తాగుబోతుకి సీసా ఎలాగో, వీళ్ళకి మురికి బంతి అలాగ.

పదిన్నరకి చొక్కా పీలికతో చివరిసారి రుద్ది, ట్రేలో పెట్టాడు.

పదిహేను బంతులూ ఒక్కసారిగా పడమటి అంచుకి వెళ్ళి కొట్టుకున్నాయి. ట్రే బల్ల మీంచి జారి, కిటికీకి తగిలి, అక్కడే అతుక్కుపోయింది. బంతులు అద్దాన్ని నొక్కుతున్నాయి, సరస్సు వైపు.

హార్లన్ గబగబా ఫోను దగ్గరికి వెళ్ళి ఏడంకెలూ తిప్పాడు. డ్వేన్ భార్య మార్లిస్ ఎత్తింది.

"డ్వేన్ ఉన్నాడా?"

"ఎవరది?"

"హార్లన్‌ని."

"బాగానే చూసుకున్నావు టైము. ఇప్పుడే దాణా తేవడానికి బయల్దేరాడు. అదిగో, ఇంకా మలుపు దగ్గరే ఉన్నాడు. పిలవమంటావా? అదేంటి... కుడికి తిరగాలి కదా... తిన్నగా పోతున్నాడేంటి? హార్లన్, అటు పడవల రేవు తప్ప ఇంకేమీ లేదు."

"మార్లిస్..."

"ఏం చేశావు?"

"తెల్లదాని పెచ్చు పూడ్చాను."

విడమరిచి చెప్పనక్కర్లేదు, ఆమెకి తెలుసు. "ఆదివారం నుంచి మంచు మీదికి కుక్క కూడా దిగలేదు," అంది నెమ్మదిగా. తర్వాత అరిచింది. "ఆపు దాన్ని! నువ్వే మొదలెట్టావు, నువ్వే ఆపు!"

బైనాక్యులర్స్ పెట్టి చూస్తే కనిపించింది. ఆకుపచ్చ ట్రక్కు. క్రిస్మస్ చెట్ల దారిలో రావడం లేదు. గీత గీసినట్టు తిన్నగా ఈ కిటికీ వైపే వస్తోంది. చక్రాల వెనక నీళ్ళు ఎగజిమ్ముతున్నాయి. కిటికీలో మోచెయ్యి ఆనించి, సంతకి పోతున్నవాడిలా కూర్చుని ఉన్నాడు డ్వేన్.

హార్లన్ బంతుల్ని విడదీయబోయాడు. రెంటిని బలవంతంగా లాగి సొరుగులో పడేస్తే, సొరుగుతో సహా వచ్చి మళ్ళీ కిటికీకి కొట్టుకున్నాయి. ఈ ఒడ్డున వాగు వచ్చి కలిసే చోట మంచు పల్చగా ఉంటుంది, ఎప్పుడూ అంతే. ట్రక్కు అక్కడికి రావడానికి ఇంకా రెండు మైళ్ళుందేమో.

ఇక్కడ హార్లన్ మీద నాకిప్పటికీ కోపం వస్తుంది. ఏం చెయ్యాలో అతనికి తెలుసు. ఒక్క బంతి పగిలితే సెట్టు ఇక సెట్టు కాదు, పిలుపూ ఉండదు. కానీ ముందు సుత్తి తియ్యలేదు. సన్న ఉలి తీసుకుని, తను పెట్టిన లప్పాన్ని జాగ్రత్తగా, బంతికి గీత పడకుండా పెకలించాడు! పెచ్చు మళ్ళీ తెరుచుకుంది. ట్రక్కు వేగం తగ్గింది. ఆగలేదు. ఒకసారి మెరిసిన బంతిని మళ్ళీ కాపలా పెడదామంటే కుదరదు. అతను బైనాక్యులర్స్‌లో చూస్తూ నిలబడ్డాడు, ఆగుతుందేమోనని. నాన్న చేతుల్లో నలిగిన బంతి అది. అన్నీ తిరిగొచ్చి చేరాలని ఎన్నాళ్ళో కాచుకున్నాడు. ట్రక్కు ముందు చక్రాలు ఒకసారి దిగబడి పైకి లేచాయి. డ్వేన్ మోచెయ్యి లోపలికి తీసుకున్నాడు.

అప్పుడు హార్లన్ తెల్ల బంతిని బల్లకున్న ఇనప వైస్ దవడల మధ్య బిగించాడు. మొదటి దెబ్బకి సుత్తి ఎగిరి వెనక్కొచ్చింది. రెండో దెబ్బకి పగులు కనిపించింది. మూడో దెబ్బ వేసేటప్పుడు గట్టిగా ఏడ్చాడు. బంతి రెండు చెక్కలైంది. కిటికీని నొక్కుతున్న మిగతా బంతులు పట్టు వదిలేసి నేల మీద పడి, తలో మూలకీ దొర్లిపోయాయి.

ట్రక్కు ఒడ్డుకి రెండు వందల గజాల దూరంలో ఆగిపోయింది. డ్వేన్ తలుపు తీసి, మంచు మీది నీళ్ళలో కాలు పెట్టి, చుట్టూ చూసి, మళ్ళీ లోపలికి వంగాడు. ఏం చేస్తున్నావురా అని హార్లన్ ఒడ్డునుంచి కేకలు పెడుతూనే ఉన్నాడు. గేరు పిడి విప్పుతున్నాడు, ఇంకేం చేస్తాడు. విప్పి జేబులో వేసుకుని, మంచు మీద బోర్లా పడుకుని పాకడం మొదలెట్టాడు.

హార్లన్ తన రేకు పడవని మంచు మీద తోసుకుంటూ వెళ్ళాడు. మంచు విరిగితే ఇద్దరికీ అదే దిక్కు. తమ్ముణ్ణి కాలరు పట్టుకుని లోపలికి లాగాడు. వెనక ట్రక్కు ముక్కు కిందికి వంచి, చప్పుడు లేకుండా, మెల్లగా మునిగిపోయింది. ఆ నల్ల నీళ్ళ వంక ఇద్దరూ చాలాసేపు చూస్తూ కూర్చున్నారు.

"దూకెయ్యాల్సింది," అన్నాడు హార్లన్.

"దూకొచ్చు. తలుపు తెరుచుకుంటూనే ఉంది."

"మరి దూకలేదేం రా?"

"ఎటు తీసుకెళ్తోందో తెలిసింది. సర్లే, పోదాం అనుకున్నాను."

హార్లన్ తెడ్డు పట్టుకున్నాడు గానీ తొయ్యలేదు. "ఆ రోజు నేను వంగినప్పుడు..." అన్నాడు. "నా చొక్కా చెయ్యి తెల్లదానికి తగిలింది. కొట్టకముందే బంతి కదిలింది, ఆ లెక్కన నా వంతు పోయినట్టే. నాకు తెలుసు."

"నాకూ తెలుసు. చూశాను."

"మరి అందరి ముందూ చెప్పలేదేం?"

"నువ్వే చెబుతావని," అన్నాడు డ్వేన్. "చాలా రోజులు చూశాను."

సాయంత్రానికి మార్లిస్ కారులో సరస్సు చుట్టూ నలభై మైళ్ళు తిరిగొచ్చింది. లవాన్ చర్చి నుంచి తెచ్చిన చేపలు నలుగురూ తిన్నారు. వెళ్ళేముందు డ్వేన్ వరండాలోకి వచ్చి బంతి చెక్కలు రెంటినీ చేతిలోకి తీసుకున్నాడు. ఒకదానికొకటి ఆనించి చూశాడు. అతుకు కనిపించనంతగా కుదిరాయి. జేబులో నల్ల బంతి చొక్కాని ముందుకి లాగింది. కొద్దిగానే, కానీ అందరూ చూశారు.

"జిగురు పెడితే?" అన్నాడు.

హార్లన్ తల దించుకున్నాడు. లవాన్ లేచి వెళ్ళి ఇంట్లో ఉన్న జిగురు డబ్బాలన్నీ ఏరి చెత్తలో పారేసింది.

"ఆ ఎనిమిదిని సరస్సులోకి విసిరెయ్యరా," అన్నాడు హార్లన్.

"విసరను. కొత్త ట్రక్కు కొంటాను కదా, దానికీ పిడి కావాలి."

చెప్పినట్టే ఏప్రిల్‌లో కొని బిగించాడు. మార్లిస్ నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. మంచు పూర్తిగా కరిగిపోయి, అప్పటికి మధ్యలో ఉన్నదంతా నీళ్ళే. ఆ చెక్కలు రెండూ హార్లన్ కిటికీ గట్టు మీద ఒకదానికొకటి వేలెడు దూరంలో పెట్టి ఉన్నాయి. హార్లన్ ఇప్పటికీ ఆరింటికే లేచి, కాఫీ పట్టుకుని వాటి ఎదురుగా కూర్చుంటాడు. చేతులు దురద పెడతాయి. లేచి ఫోను దగ్గరికి వెళ్ళి ఏడంకెలూ తిప్పుతాడు.

"ముట్టుకోలేదురా," అంటాడు.

"సరే అయితే," అంటాడు డ్వేన్ అటునుంచి. "ట్రక్కు బయటికి తీస్తున్నా."