గొంగడి కప్పుకొని

బడి నుంచి పక్షులను చూడటానికి పోతున్నామంటే అమ్మ నాకు బతుకమ్మ పండుగకు కుట్టించిన గులాబీ రంగు లంగా ఓణీ కట్టింది. జరీ అంచుది. ఊరికి పోవాలంటే మంచి బట్టలే కట్టాలని మా ఇద్దరి లెక్క. బస్సెక్కాక చూస్తే అందరూ మట్టి రంగు, ఆకుపచ్చ బట్టల్లో ఉన్నారు. సార్ వాట్సాప్ గ్రూపులో ముందే చెప్పారట. మా ఇంట్లో ఉన్నది బటన్ ఫోన్. నాకెవరూ చెప్పలేదు.

"ఏందే అంజలీ, పెండ్లికి బయలెల్లినవా?" అంది మా క్లాసు వర్షిత. బస్సంతా నవ్వింది.

నా దగ్గర గొర్ల వాసనొస్తుందని ఐదో తరగతిలో అన్నదీ ఆమే. అప్పటి నుంచి నాది చివరి బెంచీ. బస్సులో కూడా చివరి సీట్లో కూర్చున్నాను.

కోట్‌పల్లి ప్రాజెక్టు కట్ట కింద దిగాక విజయ్‌కుమార్ సార్ నన్ను చూసి తల గోక్కున్నారు. "మెరిసే బట్టలు చూస్తే బాతులు లేచిపోతయి బిడ్డా. నువ్వు జర సంచుల కాడ కూసో."

ఆ బాతుల ఫొటో సార్ క్లాసులో చూపించిన రోజు నుంచీ నాకదే ధ్యాస. తెల్లని తల మీద రెండు నల్ల పట్టీలు. మంచుకొండల మీదుగా ఎగిరి వస్తాయట. అవి అంత దూరం నుంచి వచ్చాయి, నేను మా ఊరు మోమిన్‌పేట్ నుంచి వచ్చాను. ఇప్పుడు కట్టకు అవతల అవి, ఇవతల నేను.

అందరూ కట్టెక్కారు. నేను కింద చెట్టు నీడన కూర్చున్నాను. అటుగా గొర్లను తోలుకొస్తున్న ఒక తాత ఆగాడు.

"పిట్టలను చూడనొచ్చి సంచులను చూస్తున్నవేంది?"

బట్టల సంగతి చెప్పాను.

"ఎవల బిడ్డవు?"

"గొర్ల ఈరయ్య బిడ్డను," అన్నాను, మెల్లగా.

"అరె, మనోళ్ల పిల్లవే! గీ గొంగడి కప్పుకొని మందల నడువు. నేను రోజూ గీడనే తిరుగుత. గా బాతులు నన్ను జూసి తల గూడ ఎత్తయి."

కప్పుకున్నాను. నల్లగా, బరువుగా ఉంది. మా ఇంటి వాసనే. గొర్లతో పాటు కట్ట చివర నుంచి తిరిగి నీళ్ల వైపు నడిచాను.

"చూడుండ్రే, మందల ఇంకో గొర్రె కలిసింది!" పైనుంచి వర్షిత గొంతు. నవ్వులు. సార్ "ష్" అన్నారు.

నా కాళ్లు ఆగిపోయాయి. గొంగడి తీసేసి సంచుల దగ్గరికి పోవచ్చు. పోతే బాతులు కనబడవు. గొంగడిని తల మీదికి లాక్కొని, గొర్ల వెంట నడిచాను.

ఒడ్డున తడి గడ్డిలో కూర్చున్నాను. బాతులు గడ్డి కొరుకుతూ నా వైపే వచ్చాయి. గడ్డి తెగే చప్పుడు కూడా వినిపిస్తోంది. ఒకటి తలెత్తింది. పట్టీలు రెండూ కనిపించాయి, ముక్కు కొన నల్లగా ఉంది. ఫొటోలో అది తెలియలేదు.

"చూడు" అనే మాట నోటిదాకా వచ్చింది. పక్కన ఎవరూ లేరు. ఉన్నా అనకూడదు, లేచిపోతాయి. నోరు మూసుకొని, అది మళ్లీ తల వంచేదాకా ఊపిరి బిగబట్టాను.