కిటికీలో ఉన్నదెవరు?

"నా పేరు మీద నువ్వే రాసి పెట్టు. నా వేళ్లకి ఆ అక్షరాలు అందవు," అన్నారు మావారు, ఫోను నా ముందుకు చాపి. గిన్నెలు తోముతున్న చెయ్యి తుడుచుకుని అందుకున్నాను. ఆయన ఖాతాలో పుట్టినరోజు దీవెనలూ, పోయినవాళ్లకి సంతాపాలూ ఇన్నేళ్లుగా రాస్తున్నది నేనే. "బావగారు ఎంత చక్కగా రాస్తారక్కా," అని మా తోడికోడలు నాతోనే అంటుంది.

గ్రంథాలయం వాళ్లు తమ సోషల్ మీడియా పేజీలో పాత ఫొటో ఒకటి పెట్టారు. 'వీరిని గుర్తుపట్టండి. శుక్రవారంలోగా మీరు చెప్పిన పేర్లే కింద అచ్చువేసి ఫొటోని గోడకు తగిలిస్తాం' అని రాశారు. గ్రంథాలయం మొదట మా ఇంటి ముందుగదిలోనే ఉండేది. ఫొటోలో కుర్చీల మీద మా మామగారూ, ఆయన స్నేహితులు ఆరుగురూ. వాళ్ల పేర్లు అప్పటికే ఎవరెవరో రాసేశారు. మిగిలింది వెనక కిటికీలో, చేతిలో గుడ్డతో ఆగిపోయిన ఒక ఆడమనిషి.

"పనిమనిషి అని రాసెయ్," అన్నారు మావారు.

"పనిమనిషైతే మాత్రం పేరుండదా? అయినా ఆవిడ చిట్టత్త కదండీ. మీ సొంత మేనత్త."

"మసిగుడ్డతో నిలబడితే మేనత్తని ఎలా చెప్పుకుంటాం? పైగా చిట్టత్త అని రాస్తే నలుగురూ నవ్వుతారు."

"అసలు పేరేమిటి?"

చాలాసేపు ఆలోచించారు. "చిట్టత్తే," అన్నారు.

ఆడపడుచుకి ఫోన్ చేశాను. "ఆవిడకి ఇంకో పేరెందుకుంటుంది వదినా," అని నవ్వబోయి, మధ్యలో ఆగిపోయింది.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో గ్రంథాలయం ఇంకా ముందుగదిలోనే ఉంది. ఇంటెడు చాకిరీ అయ్యాక చిట్టత్త అక్కడికి వెళ్లి పుస్తకాల దుమ్ము తుడిచేది. అలా ఇరవై ఏళ్లు. చదువు రాదు. ఒక్కో పుస్తకం నా ఒళ్లో పెట్టి, "దీని పేరేంటో చదువమ్మా," అనేది. విని, తలూపి, ఎక్కడిది అక్కడ పెట్టేది. ప్రతి పుస్తకం పేరూ ఆవిడ అడిగింది. పోయేదాకా ఆవిడ పేరు నేను ఒక్కసారీ అడగలేదు.

ఫొటో చూసిన దగ్గర్నుంచి ఏ అద్దం తుడిచినా అవతలి వైపు నుంచి ఇంకో చెయ్యి తుడుస్తున్నట్టే ఉంది. నేను ఆగితే అదీ ఆగుతుంది. పొద్దున్నే ప్రార్థనకి కూర్చుంటాను. దేవుడికి ఎన్ని పేర్లున్నాయో అన్నీ నాకు నోటికి వచ్చు. ఒక పేరుకీ ఇంకో పేరుకీ మధ్య ఆవిడ వచ్చి, గుడ్డ పట్టుకుని నిలబడుతోంది. నువ్వైనా ఆమెని పేరుతో పిలుస్తున్నావా తండ్రీ, అని అడిగాను. అలా అడగడం తప్పో ఏమో.

శుక్రవారం స్నానాలగదిలోంచి మావారు కేకేశారు. "పనిమనిషి అని పెట్టేశావా?"

"రాస్తున్నానండీ."

ఆయన ఖాతాలోంచి బయటికి వచ్చాను. కొత్త ఖాతా తెరవబోతే మొదటి గడిలోనే పేరు అడిగింది. బడి మానేశాక, సంతకానికి తప్ప నా పేరు నేను రాసుకున్నది లేదు. కూడబలుక్కుంటూ పూర్తిగా రాశాను. ఆ పేరుతోనే ఫొటో కింద ఇలా పెట్టాను:

'కిటికీలో ఉన్నది మా ఇంటి ఆడపడుచు. మీ పుస్తకాలు ఇరవై ఏళ్లు తుడిచింది. ఆమె పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరైనా చెప్పేదాకా ఆ చోటు ఖాళీగా ఉంచండి. అందులో ఇంకేమీ రాయకండి.'