బయటి గడియ

నేను ఒక గడియను. తెనాలిలో ఒక ఇనుప సామాన్ల కొట్లో వేలాడుతూ, ఏదో ఒక ఇంట్లో మనుషులకు నిశ్చింతగా నిద్రపట్టేలా చూస్తానని గర్వపడేదాన్ని. కోదండం నన్ను కొని, తన ఇంటి తలుపుకు బయటివైపు బిగించాడు.

రోజులు బాగాలేవని, నీ మంచికేనని భార్య హైమతో చెప్పాడు. పొద్దున పనికి వెళ్తూ నన్ను వేసేవాడు, సాయంత్రం వచ్చి తీసేవాడు. తాళం వెయ్యలేదు, వేస్తే నలుగురూ అడుగుతారని. ఆమె ఫోను అతని జేబులోనే ఉండేది. కిటికీ దగ్గర నిలబడిందని తెలిసిన రోజు ఆమె వీపు తలుపుకు తగిలి నా మరలు అదిరేవి. మర్నాడు పాపకు పాలు పడుతూ, తప్పు తనదేనని హైమ గొణుక్కునేది. నేను బిగుసుకుని ఉండేదాన్ని. మెట్లెక్కే వాళ్లందరి కళ్ల ముందే ఉండేదాన్ని. మనుషులకు పక్కింటి కూర వాసన తెలిసినంత తొందరగా పక్కింటి గడియ కనపడదు.

పక్క వాటాలోకి ఎస్తేరమ్మ కొత్తగా దిగింది. ఒక మధ్యాహ్నం కిటికీ దగ్గరకొచ్చి, ఈ గడియేమిటని అడిగింది.

"ఆయనకు నేనంటే ప్రాణం పిన్నిగారూ. దొంగల భయంతో పెట్టారు."

"దొంగల భయమైతే గడియ లోపల పెట్టుకుంటారు గదమ్మా."

హైమ జాకెట్టు చెయ్యి పైకి లాగి, కమిలిన చోటు చూపించింది.

ఎస్తేరమ్మ అప్పుడే తలుపు తీస్తానంది. హైమే ఆపింది. చోటు చూసుకోకుండా వెళ్తే వెతికి తెస్తాడని, ఆ తర్వాత తనను బతకనివ్వడని చెప్పింది. ఎస్తేరమ్మ ఫోను నుంచే హైమ మహిళల హెల్ప్‌లైన్ 181కి మాట్లాడి, పొరుగూళ్లో ఆశ్రయం కుదుర్చుకుంది. ఆధార్ కార్డు, పాప టీకాల కార్డు, రెండు జతల బట్టలు కిటికీ ఊచల మధ్య నుంచి ఒక్కొక్కటే ఎస్తేరమ్మ ఇంటికి చేరాయి. కోదండం ముందు మాత్రం హైమ ఎప్పటిలాగే తలొంచుకుని వడ్డించింది.

అతను గుంటూరు వెళ్లిన రోజు ఎస్తేరమ్మ నన్ను ఒంటివేలితో తీసింది. అంత తేలిగ్గా వచ్చేశాను. ఇన్నాళ్లూ ఒక మనిషిని ఆపింది ఇంతేనా అని సిగ్గుతో చచ్చిపోయాను. హైమ పాపను ఎత్తుకుని వెనక్కి చూడకుండా మెట్లు దిగింది. ఎస్తేరమ్మ నన్ను మళ్లీ వేసింది.

సాయంత్రం కోదండం నన్ను చూసి, ఆమె లోపలే ఉందనుకుని, తీరిగ్గా చెప్పులు విప్పాడు. అప్పటికే వాళ్ల బస్సు ఊరు దాటి చాలాసేపయింది.

మర్నాడు వాటాల వాళ్లంతా మెట్ల మీద చేరి, మాకేం తెలుసు అనుకున్నారు. ఒకాయన నా మీద చెయ్యి ఆనించే ఆ మాట అన్నాడు. తర్వాత ఇల్లుగలాయన నన్ను ఊడదీసి పాత సామాన్ల బండిలో వేశాడు. ఇక్కడ తుప్పుపడుతూ నేనూ ఆ మాట అనుకోవాలని చూస్తుంటాను. నోరు రాదు.