మా అమ్మ ఏం చేస్తుంది?

సుద్దముక్క అరిగిపోయి గోరు నల్లబల్లకు తగులుతున్నా టీచరమ్మ రాయడం ఆపలేదు. ‘మా అమ్మ’ అని రాసి, పక్కన ఖాళీగా గీత గీసి, చివర చుక్క పెట్టి వెనక్కి తిరిగింది.

“ఎవరనేది రాశాం. ఇప్పుడు ఏం చేస్తుందో రాయాలి. సగంలో వదిలేస్తే అది వాక్యం కాదు. తెలిసిందా?”

“తెలిసింది టీచర్!” రెండో తరగతి గది దద్దరిల్లింది.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఇదే గది, ఇదే పాఠం. మోచేతుల దాకా సుద్దపొడి, మడమల్లో పగుళ్లు, ఎడమ భుజంలో ఎంతకీ తగ్గని నొప్పి. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా మంచానపడ్డ తల్లి గుర్తొచ్చి వద్దనేది. తల్లి పోయేసరికి అడిగేవాళ్లే లేకపోయారు. తల్లి మంచంలో ఉన్న పదకొండేళ్లూ “అమ్మకెలా ఉంది?” అని ఎవరడిగినా, “బాగానే ఉందండీ” అని ఒక్క ముక్కలో తేల్చేసేది. నిజం చెబితే వినేవాళ్లకు ఇబ్బంది.

బల్లల మధ్య నడుస్తూ చివరి వరసలో ఆగింది. రెండు జడల పిల్ల అప్పుడే రాయడం ముగించింది: ‘మా అమ్మ పడుకుంటుంది.’

“అందరూ పడుకుంటారే! పనేం చేస్తుంది?”

“పడుకునే ఉంటుంది టీచర్.”

“అంత బద్ధకమా మీ అమ్మకి?”

తరగతి గొల్లున నవ్వింది. పిల్ల తల దించుకుంది.

“చెరిపెయ్. ‘వంట చేస్తుంది’ అని రాయి, చక్కగా ఉంటుంది.”

కాగితం చిరిగేలా రుద్ది, పిల్ల చెప్పినట్టే రాసింది. టీచరమ్మ ఎర్రసిరాతో టిక్కు పెట్టింది.

మధ్యాహ్నం గంట కొట్టకముందే గుమ్మంలోకి ఒకతను వచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు.

“పాప మేనమామనండీ. తీసుకెళ్లాలి.” గొంతు తగ్గించాడు. “మా అక్క... ఇందాకే. ఏడాదిగా మంచంలోనే ఉందిగా.”

టీచరమ్మ చివరి వరసలోంచి రెండు జడల పిల్లను పిలిచింది.

“బడి అయిపోలేదుగా మావయ్యా!” అంటున్న పిల్లను అతను భుజానికెత్తుకుని గబగబా వెళ్లిపోయాడు.

సాయంత్రం ఆయా చీపురుతో వచ్చేసరికి టీచరమ్మ ఆ పిల్ల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. టిక్కు కింద చెరిపిన అక్షరాలు ఇంకా కనబడుతున్నాయి.

“ఇంకా వెళ్లలేదేంటమ్మా?”

“సరిగ్గానే రాసింది. నేనే చెరిపించాను.”

“పోన్లెండి. పిల్లలన్నాక తప్పులు రాస్తారు,” అంది ఆయా సగమే విని.

టీచరమ్మ సంచి తగిలించుకుని బయటికొచ్చింది. చెప్పులు విడిచేచోట గోడవారగా ఒక్క చిన్న జత మిగిలిపోయింది. ఎడమదాని పట్టీ తెగితే ఎవరో పిన్నీసు పెట్టారు, కొంచెం వంకరగా.