లాగి చూడని తీగ

రోబో మళ్లీ ఆగిపోయింది. ఎదుటి జట్టు రోబో వచ్చి గుద్దగానే, అలిగిన పిల్లాడిలా మైదానం మధ్యలో నిలబడిపోయింది. నా చేతిలోని కంట్రోలర్‌ను ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. ఇంకొక్క ఆట ఓడితే ఈ రోబోల పోటీ నుంచి మూటాముల్లె సర్దుకోవడమే.

దాన్ని మా బల్ల దగ్గరికి తోసుకొచ్చాం. జట్టుకు నాయకుడు కాబట్టి మేమంతా మేస్త్రి అని పిలిచే కుర్రాడు తల పట్టుకున్నాడు.

"కంట్రోలర్ మార్చాం, ల్యాప్‌టాప్ మార్చాం, బ్యాటరీ మార్చాం."

"ఇక మార్చాల్సింది నన్నే," అన్నాను విసురుగా.

ప్రోగ్రాం రాసే పిల్లకు మేం పెట్టిన పేరు సణుగుడు. దానితో ఎవరు మాట్లాడినా తెరకే జవాబు చెబుతుంది. "ప్రోగ్రాంలో తప్పు లేదు. గుద్దినప్పుడల్లా రోబో మీది రేడియో దీపం ఆరిపోతోంది. అంటే దానికి కరెంటు అందడం లేదు. మన కంట్రోలర్ మాట అది వినాలంటే రేడియో వెలగాలి కదా," అని సణిగింది.

లోపం ఎక్కడుందో అందరికీ ఎప్పుడో తెలుసు. నా ఎదుట అనే ధైర్యమే ఎవరికీ లేదు. రేడియోకి కరెంటు తెచ్చే తీగ మా తమ్ముడు బిగించిన ఆఖరి తీగ.

"దాని జోలికి వెళ్లారో, ఊరుకోను," అన్నాను.

మా జట్టులో ఒక పద్ధతి ఉంది. తీగ కొసకు లోహపు తొడుగు పెట్టి ప్లయరుతో నొక్కుతాం. నొక్కినవాళ్లు కాకుండా ఇంకొకరు దాన్ని గట్టిగా లాగి చూడాలి. ఊడకపోతేనే రోబోకి ఎక్కుతుంది. ఆ పద్ధతి పెట్టిందే తమ్ముడు. నేను నొక్కినవి పుటుక్కున ఊడదీసి, "అక్కా, దీన్ని నొక్కావా, బుజ్జగించావా?" అని నవ్వేవాడు. వాడు నొక్కినవి మాత్రం మేం లాగేవాళ్లం కాదు. వాడిది ఊడటమేమిటి!

ఆ తీగ బిగించిన కొన్ని వారాలకే వాడు ఆసుపత్రిలో పడ్డాడు. నరాల జబ్బన్నారు. "చేతిలోంచి వస్తువులు జారిపోతున్నాయని ఎప్పుడైనా అన్నాడా? ముందే తెలిసి ఉంటే..." అని డాక్టరు మిగతా మాట మింగేశాడు. ఆ మాటే అమ్మను తొలిచేస్తోంది. వాడు పోయాక అమ్మ పట్టుకుని నిలబడింది ఒక్క మాటనే: "జబ్బు గుర్తేదీ కనబడలేదు, కనబడి ఉంటే నేను పసిగట్టనా?" వంట చేస్తూ, బట్టలు ఆరేస్తూ, తనకు తాను అదే చెప్పుకుంటుంది. ఇవాళ వాడి రోబోని చూస్తానని వచ్చి, పైన జనంలో కూర్చుంది.

మేస్త్రి నా పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అక్కా, నువ్వే లాగి చూడు. మేమెవరం ముట్టుకోం."

తీగ చుట్టూ ఉన్న టేపు విప్పాను. రెండు వేళ్లతో పట్టుకున్నాను. లాగానని కూడా చెప్పలేను, తొడుగు నా చేతిలోకి వచ్చేసింది.

దాని మీద ప్లయరు పళ్ల గాట్లు ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని మీద ఒకటి. ఏదీ లోతుగా దిగలేదు. ఒక్క నొక్కుతో పని తేల్చేసేవాడు ఇన్నిసార్లు ఎందుకు నొక్కాడో నాకు తెలిసిపోయింది. చేతిలో సత్తువ లేదు. నొక్కి నొక్కి, చివరికి టేపు చుట్టేశాడు. మాలో ఒక్కరు లాగి ఉంటే ఆ రోజే ఊడేది. వెధవ, నాతోనైనా అనలేదు. నేను బల్ల కింద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. సణుగుడు సణగడం మానేసి నా భుజం మీద చెయ్యి వేసింది.

తర్వాత కళ్లు తుడుచుకుని కొత్త తొడుగు నేనే నొక్కాను. మేస్త్రి బలమంతా పెట్టి లాగాడు. ఊడలేదు.

ఆ ఆటలో మా రోబోని ఎంత గుద్దినా దీపం ఆరలేదు. గెలిచాం. జట్టంతా గెంతుతుంటే నేను పిడికిలి బిగించుకుని నిలబడ్డాను. పాత తొడుగు అందులోనే ఉంది.

అమ్మ మెట్లు దిగి మా బల్ల దగ్గరికి వచ్చింది. "ఇందాక అలా ఆగిపోయిందేమే? ఏమైంది దానికి?"

"రేడియో పాతదైపోయిందమ్మా. మార్చాం."

"వాడు చేసినదాంట్లో లోపమేమీ లేదు కదా?"

మేస్త్రి నేల చూపులు చూస్తున్నాడు. తొడుగు అంచు నా అరచేతిలో గుచ్చుకుంటోంది.

"వాడు బిగించింది ఎప్పుడైనా ఊడిందా అమ్మా?"

"అదే కదా," అంది అమ్మ. చాలా రోజులకు ముఖం కాస్త తేటపడింది. "ఇందులో వాడు బిగించిందేది?"

రేడియోకి వెళ్లే తీగను చూపించాను. అమ్మ వంగి, నేను నొక్కిన తీగను, వాడిదనుకుని, మెల్లగా నిమిరింది.